పలికితే చచ్చిపోయే ఆట

ఈ రోజు వంటింట్లో ఎండుచేపల డబ్బా వెనక మా పాత ఫోన్ దొరికింది. మూల పగిలిన అద్దం, ఇంకా అదే చేపల వాసన. మన డాలీగంజ్ పేటలో కలిసి పెరిగినవాళ్లకి గుర్తుందా, అందులో మనం ఆడిన మునిగిపోయిన ఊరి ఆట?

ఊరంతా నల్లనీళ్లు. ఇంజన్ పడవలో మనం ఒక్కళ్లమే. ఎక్కడినుంచో ఒక పాప "ఎవరైనా ఉన్నారా?" అని పిలుస్తుంది. పలికితే కాపలావాళ్లు వచ్చి కాల్చేస్తారు. పలకకుండా పోతే గెలుపు. మీరందరూ అలాగే గెలిచారు. నేను మాత్రం ప్రతిసారీ పలికి చచ్చేవాణ్ణి.

"అరే పాగల్, సప్పుడు సేయకుండా ఎలిపోరా!" అని పక్కింటి రాజు భయ్యా నెత్తిమీద ఒకటిచ్చేవాడు. నాకేమో అన్నం తింటున్నా ఆ పాప గొంతే వినిపించేది.

ఒకరోజు వల కుడుతూ మా నాన్న చూశాడు.

"సంద్రంలో ఎవులు పిలిసినా పలకాలిరా. పలికి, ఎంటనే ఇంజన్ ఆపెయ్. సప్పుడు లేకపోతే మనమెక్కడున్నామో ఆ కాపలావోళ్లకేటి తెలుస్తాది? నీరే తోసుకెల్తాది."

ఇంజన్ ఆపొచ్చని మనకెవరికీ తోచలేదు కదా! పలికాను, ఆపేశాను. కాపలావాళ్ల పడవ పక్కనుంచే పోయింది. మన పడవ మెల్లగా ఆ పాప దగ్గరికి చేరింది. నలుగురిలో నోరు విప్పని నేను అరుగు మీద లేచి నిలబడి "ఎక్కు! ఎక్కు!" అని అరిచాను. రాజు భయ్యా నన్ను భుజాలమీద ఎత్తుకున్నాడు.

ఇందాక ఛార్జింగ్ పెట్టాను. ఫోన్ వెలిగింది, ఆట తెరిచాను. పడవలో ఇంకా ఆ పాపా నేనూ ఇద్దరం ఉన్నాం.