ఆకుపచ్చ రంగు కింది అక్షరాలు

దసరా వెళ్లిన తర్వాతి మంగళవారం, పొద్దున పది గంటల ఇరవై నిమిషాలు. గడియారం చూసే చెబుతున్నాను. మా ఇంటి వెనుక రేకుల షెడ్డులో పీట మీద కూర్చుని, ఇనుము చెక్కే పాత లేత్ మిషన్ మీది రంగు బ్లేడుతో గీకుతున్నాను.

పటాన్‌చెరులో నా పనికాలమంతా ఈ మిషన్ మీదే గడిచింది. నా కుడిచేతి రెండు వేళ్లు తిన్నదీ ఇదే. వర్క్‌షాప్ మూతపడ్డాక ఇది తుక్కు గోదాములో వానకు తడుస్తుంటే చూడలేక ఇంటికి తెచ్చాను. బాగుచేసి మళ్లీ తిప్పాలని నా ఆశ. దించిన రోజే నా భార్య నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"చేతి ఏళ్లు మింగినదాన్ని ఇంటికి తెచ్చినవా? రేపు పులిని గూడ తోల్కరా, షెడ్డుల కట్టేద్దాం."

"తప్పు దానిది గాదే" అన్నాను.

తప్పు ఎవరిదో ఆమెకు తెలుసు. ముప్పై ఏళ్లుగా నా నోట వింటున్నదే. గోదావరి వైపు నుంచి వచ్చి మాతో చేరిన టర్నర్ అతను. ఇదే మిషన్ మీద పొద్దుటి షిఫ్టు అతనిది, మధ్యాహ్నం షిఫ్టు నాది. ఒక దసరా ముందురోజు, ఊరి బస్సు అందుకోవాలని నేను వచ్చేలోపే వెళ్లిపోయాడు. పండుగకు మేం మిషన్లన్నీ కడిగి, కొత్త రంగు వేసి, పసుపు కుంకుమలు పెట్టి కొబ్బరికాయ కొట్టేవాళ్లం. నా మిషన్‌కు నేనే ఆకుపచ్చ రంగు వేశాను. పండుగ మరునాడు, ముక్కను పట్టి తిప్పే చక్‌ను ఆపి అందులో ఇనుప కడ్డీ బిగిస్తున్నాను. మిషన్‌ను నడిపి ఆపే క్లచ్ పిడి దానంతటదే పడింది. చక్ గిర్రున తిరిగింది. అంతే.

పిడి జారుతోందని అతనికి ముందే తెలుసట. "మిషన్ మీద రాసిపెట్టానండీ" అన్నాడట యజమానితో. చూస్తే ఏమీ లేదు. "కొత్త రంగు గీకించండి, కింద ఉంటుంది" అని బతిమాలాడట. "పూజ జేసిన మిషన్‌ను గీకుతవా? ఏళ్లు పోయినయ్, ఇంకేం పోవాలె?" అని యజమాని కసిరాడట. ఎవరూ గీకలేదు. నేను ఆస్పత్రి మంచం మీద కట్టు కట్టిన చెయ్యి ఎత్తి చూపి, వచ్చిన ప్రతివాడితో అతను అబద్ధాలకోరు అన్నాను. అతన్ని పనిలోంచి తీసేశారు. తర్వాత సంగారెడ్డిలో చిన్న లేత్ దుకాణం పెట్టుకున్నాడని విన్నాను. అటు పోయినప్పుడల్లా రోడ్డుకు అవతలి పక్కనే నడిచాను.

మళ్లీ మంగళవారానికి వస్తాను. ఏటా దసరాకు ఒక పూత. పూత మీద పూత రొట్టె పెచ్చుల్లా ఊడుతోంది. అట్టడుగున బూడిదరంగు బయటపడింది. దాని మీద సన్నని ఆకుపచ్చ గీతలు. ఎవరో సూదితో లోతుగా గీస్తే, ఆ గాట్లలో నా రంగు నిండి ఉండిపోయింది. గుడ్డతో తుడిచాను. అక్షరాలు.

అరవై దాటాక నా కోడలు పలక పట్టించింది. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటేగానీ నాకు చదవడం రాదు. వేలు పెట్టి చదివాను.

క్లచ్ పిడి జారుతోంది. మెయిన్ ఆపి చక్ మీద చెయ్యి పెట్టు.

మళ్లీ చదివాను. బ్లేడు జారి కాళ్ల మధ్య పడింది. పీట మీది నుంచి దిగి నేల మీద కూర్చున్నాను.

ఇక్కడ ఒక మాట దాచను. రంగు వేసిన రోజే ఈ గీతలు నేను చూశాను. రాత అని కూడా తెలుసు. ఏవో కొలతలో, ఎవడి పేరో అనుకుని, మిషన్ అందం పాడుచేశాడని తిట్టుకుంటూ అక్కడ రెండు పూతలు ఎక్కువ వేశాను. అతను రాశానన్నప్పుడు అవి గుర్తుకు వచ్చాయి. తోసేశాను. ఎవరినైనా అడిగితే నాకు చదువు రాదని బయటపడుతుంది.

చక్ ఎత్తడానికి సాయం వచ్చిన మా వీధి వెల్డింగ్ దుకాణం అతను, నన్ను చూసి ఇంట్లోకి కేకేశాడు. నా భార్య, కోడలు పరుగున వచ్చారు.

"మల్ల చెయ్యి కోసుకున్నవా?" అంది నా భార్య.

"బిడ్డా, గిది సదువు. నేను తప్పు సదివిన్నేమో సూడు" అన్నాను కోడలితో.

కోడలు పైకి చదివింది. నేను చదివిందే. నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వెల్డింగ్ అతని బండి ఎక్కి సంగారెడ్డి పోయాను. టర్నర్ కళ్లజోడు పైకి తోసుకుని నన్ను చూశాడు.

"ఏం, దారి తప్పావా?"

"మన మిషన్ నా తాన ఉన్నది. రంగు గీకిన. నువ్వు రాసింది ఉన్నది. సదివిన."

"ఇప్పుడు చదివావా?"

"ఇప్పుడే సదువొచ్చింది."

అతని చేతిలోని పానా బల్ల మీద పడింది. "నీకు చదువు రాదా? టీ బండి దగ్గర రోజూ పేపరు పట్టుకునేవాడివి కదరా!"

"పట్టుకునేటోన్ని. బొమ్మలు సూసేటోన్ని."

"నీ దుంప తెగ! ఒక్క ముక్క చెప్పి ఉంటే బస్సు వదిలేసి నీకోసం ఆగేవాణ్ని కదరా!"

నేను చదివి కూడా పొగరుతో చెయ్యి పెట్టి, తప్పు తన మీదికి నెట్టానని ఇన్నేళ్లూ అనుకున్నాడట. నిజం విన్నాక తనే షట్టర్ దించి మాతో వచ్చాడు.

షెడ్డులో ఆ అక్షరాల మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు. కోడలు కుర్చీ వేసినా కూర్చోలేదు.

"తప్పు నాది" అన్నాను.

"నాతో చెబితే ఏం లాభం? మా ఆవిడకి చెప్పు. ఆవిడా నమ్మలేదు." ఫోను కలిపి నా చేతికిచ్చాడు.

"చెల్లె, నేను. ఏళ్లు పోయినోన్ని. నీ పెనిమిటి రాసిండు. నేనే రంగేసి కప్పిన."

"ఇంకోసారి చెప్పండి అన్నయ్యగారూ" అంది.

ఇంకోసారి చెప్పాను. మూడోసారి కూడా అడిగింది. చెప్పాను. ఆమె ఏడుస్తోంది. టర్నర్ మిషన్ వైపు తిరిగి, అక్కర్లేకపోయినా ఆ పిడిని పైకీ కిందికీ కదుపుతున్నాడు.

ఎవరూ చూడలేదని రేపు ఎవరూ అనకుండా రాస్తున్నాను. ఆ రోజు షెడ్డులో ఉన్నవాళ్లు: నేను, నా భార్య, నా కోడలు, వెల్డింగ్ దుకాణం అతను, ఆ మాట రాసిన టర్నర్. ఫోనులో, అతని భార్య.