పొగలో తుమ్ము

ఇంటికి నిప్పంటుకుంటే ఎట్లా బయటపడాలో మా కొడుకు దుబాయ్‌లో నేర్చుకొని వచ్చాడు. పనివాళ్లు ఉండే వాళ్ల క్యాంపులో ఒకసారి వంటగది వైరు కాలి మంటలు లేచాయట. గదిలో పన్నెండు మంది, ఉన్నది ఒకటే తలుపు. అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. రెండేళ్లకు సెలవు మీద కోరుట్లకు వచ్చినవాడు చెప్పులు విప్పకముందే, "అవ్వా, ఎనుక తలుపు ఏమైంది?" అని అడిగాడు.

ఏమీ కాలేదు. దానికి బీడీల ఆకు కట్టలు ఆనించి పెట్టాను, అంతే. కోడలు బీడీలు చుడుతుంది. ఆకు ఎండితే విరుగుతుంది, తడిస్తే బూజు పడుతుంది. అక్కడైతే ఎండా రాదు, వానా రాదు. ఆ తలుపు తీసి ఏళ్లయింది.

"నేను గాడ ఉండంగ మీరు ముగ్గురు గీడ మాడిపోతె ఏం జెయ్యాలె? మీరు బయటికి వచ్చుడు కండ్లార సూడంది నేను విమానం ఎక్క," అన్నాడు.

ఈసారి దొరికిన సెలవు వారం లోపే, తిరుగు విమానం నాలుగు రోజుల్లో ఉంది. ఎక్కకపోతే వీసా పోతుంది. సిరిసిల్లలో మరమగ్గం పని దొరకకనే అంత దూరం పోయినవాడు, ఆ వీసా కూడా పోతే తినేదేమిటి?

ఆకు కట్టలు మంచం కిందికి జరిపించాడు. అట్టముక్క మీద ఇల్లు గీసి, బాణాలు పెట్టి, నా ముందుకు తోశాడు.

"రెండో తరగతిల బడి మానిన. అయినా మన తలుపు ఎటున్నదో నాకు ఎరుకే. నాకు బొమ్మెందుకు?" అన్నాను.

సామాన్లు పట్టుకోవద్దు, ముక్కుకు తడిబట్ట అడ్డం పెట్టుకోవాలి, అరవై లెక్కపెట్టేలోపు వాకిట్లోని బోరింగు కాడికి చేరాలి. ఇదీ అతని చట్టం. మనిషికో తువాల తడపమన్నాడు. ఉతికినవి మళ్లీ ఉతకడానికి సబ్బు వాళ్ల క్యాంపు పంపుతుందా? పాత తువాల ఒకటే మూడు ముక్కలు చింపాను.

మరునాడు పొద్దున పాత ఇనుప పెనంలో పిడకలు, పచ్చి వేపాకు వేసి ఇంట్లో పొగ పెట్టాడు. నాకు చెప్పకుండా నా డబ్బాలోంచి నాలుగు ఎండు మిరపకాయలు కూడా వేశాడు. బోరింగు దగ్గర నిలబడి, "నిప్పు! నిప్పు!" అని అరిచి లెక్క మొదలుపెట్టాడు.

కోడలు ముందు, మనుమరాలు మధ్యలో, నేను వెనుక. కోడలు గడప మీద కాలు పెట్టగానే పిల్ల తుమ్మింది.

కోడలు ఆగింది. నేనూ ఆగాను. బయటికి పోతుంటే ఎవరైనా తుమ్మితే కూర్చుని, గుక్కెడు నీళ్లు తాగి, అప్పుడు కదలాలి. మా ఇంట్లో ఎవరూ జవదాటని మాట అది. ముగ్గురం గడప దగ్గర కూర్చున్నాం.

"నీళ్లు పట్టుకరా," అని కోడల్ని మళ్లీ పొగలోకే పంపాను.

"అవ్వా! ఏం జేస్తున్నరు?"

"పొల్ల తుమ్మిందిరా. కూసున్నం."

"ఇల్లు కాలుతుంటె కూసుంటరా?"

"నిప్పును రెండు నిమిషాలు ఆగుమను."

కోడలు చెంబుతో వచ్చి, నా చేతికి ఇస్తూ తనూ తుమ్మింది. "అత్తమ్మా, ఇప్పుడెట్ల?" అంది.

"ఎట్లేంది? మళ్ల కూసో."

"బాపమ్మా, మనం కాలిపోయినమా?" అని పిల్ల నవ్వింది.

లెక్క ముగిసింది. కొడుకు వచ్చి గడప బయట కూలబడ్డాడు. తనూ నవ్వుతాడనుకున్నాను. ముఖం చూస్తే ఏడుపు ముఖం. "టికెట్ వాపస్ చేస్త," అన్నాడు.

నాకు కోపం వచ్చింది. "నువ్వు మొదటిసారి పోయేటప్పుడు ఎదురింటి ముసలోడు తుమ్మిండు. జగిత్యాల బస్సు పోతదని నిన్ను ఆపలే. ఏమైంది? ఏజెంటు ముంచిండు. ఆరు నెలలకు ఒట్టి చేతులతోని వస్తివి. గప్పటిసంది ఆపుతున్న. నాదా తప్పు?"

కొడుకు మెల్లగా అన్నాడు: "క్యాంపుల మేము ఎట్ల బయటపడ్డమో ఎరుకేనా అవ్వా? పన్నెండు మందిమి తుమ్ముకుంటనే ఉరికినం. ముంగట ఒక్కడు ఆగినా ఎనుకున్నోళ్లు సచ్చేటోళ్లు. అందరికన్న ఎనుక నేనే ఉంటి."

అతని ముందు పదకొండు మంది. అందులో ఒక్కడికైనా నాలాంటి తల్లి ఉండి, చిన్నప్పటి నుంచి బుద్ధులు నేర్పి ఉంటే? చెంబు పక్కన పెట్టాను.

"మళ్ల పొగ పెట్టు," అన్నాను. "మిరపకాయలు రెండు చాలు."

ఈసారి ముగ్గురం తుమ్ముతూనే లేచాం. అలవాటు కొద్దీ కోడలు గడప దగ్గర ఆగబోయింది. పిల్ల తల మీదుగా రెండు చేతులా ఆమె వీపు మీద తోశాను. "అయ్యో అత్తమ్మా!" అంటూ వాకిట్లో పడింది. పిల్ల ఆమెను దాటి ఉరికింది. మేం బోరింగు పట్టుకునేసరికి లెక్క ముప్పై కూడా కాలేదు.

అయినా నమ్మకం లేనట్టు మా ముగ్గురి తలల మీదా చెయ్యి పెట్టి, ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాడు. లోపలికి పోయి, తలుపులన్నీ బార్లా తీసి, బ్యాగు సర్దుకోవడం మొదలుపెట్టాడు. కళ్లు మండుతున్నాయని చెప్పి నేను చాలాసేపు అక్కడే నిలబడ్డాను.