క్రేనమ్మ భయం

ముప్పై ఒకటో ఏట ఆమెకు క్రేన్ ఆపరేటర్ పని దొరికింది. అంతకుముందు ఎనిమిదేళ్లు అదే ఫ్యాక్టరీ స్టోర్సులో బోల్టులు, నట్లు అడిగిన వాళ్లకు తీసి ఇచ్చేది. శిక్షణకు పేరిచ్చిన పదకొండు మందిలో ఆమె ఒక్కతే ఆడమనిషి. పరీక్షలో మొదట వచ్చిందీ ఆమే. షెడ్డు పైకప్పు కింద రెండు పట్టాల మీద అటూ ఇటూ నడిచే క్రేన్ అది. దానికి వేలాడే గాజు కేబిన్‌లోకి చేరాలంటే నిలువు నిచ్చెన మీద నలభై రెండు మెట్లెక్కాలి. వారం తిరక్కుండానే షెడ్డంతా ఆమెను క్రేనమ్మ అని పిలవడం మొదలుపెట్టింది.

క్రేనమ్మకు చచ్చేంత భయమన్న సంగతి మాత్రం ఎవరికీ తెలియదు.

పదిహేనో మెట్టు దగ్గర దడ మొదలయ్యేది. కేబిన్‌లో కూర్చున్నాక అరచేతులు తడిసి లీవర్లు జారేవి. తుడుచుకోవడానికి ఒళ్లో ఒక పాత గుడ్డ పెట్టుకునేది. పైనుంచి చూస్తే మనుషులు కనబడరు, పసుపు టోపీలే కనబడతాయి. టన్నుల బరువున్న ఇనుము ఆ టోపీల పక్కనుంచి పోతున్నంతసేపూ ఊపిరి బిగబట్టేది. దిగేటప్పుడు మాత్రం మొహం కడిగిన పళ్లెంలా ఉండేలా చూసుకునేది.

సూపర్‌వైజర్ చెడ్డవాడైతే బాగుండేది. కాదు, మంచివాడు. ఒకరోజు తనే టీ తెచ్చిచ్చి, నెమ్మదిగా అన్నాడు.

"చూడమ్మా, భయమేస్తే మొహమాటపడకు. మళ్లీ స్టోర్సుకి పంపించేస్తాను. ఆడవాళ్లకి భయం పుట్టుకతోనే వస్తుంది. అందులో నీ తప్పేం లేదు."

"నాకు భయమేం లేదు సార్," అంది, గ్లాసు రెండు చేతులతోనూ పట్టుకుని.

ఆ మాట ఆమెను వదల్లేదు. ఆదివారం చిక్కుడుకాయలు ఒలుస్తున్న తల్లి దగ్గర కూర్చుంది.

"అమ్మా, చిన్నప్పుడు కూడా నేను పిరికిదాన్నేనా?"

"నువ్వా? అటకెక్కి దూకేదానివి. నీ తమ్ముడే, నిచ్చెన చూస్తే చాలు, ఏడుపు లంకించుకునేవాడు."

"మరి వాడు ఇప్పుడు సెల్ టవర్లు ఎక్కుతున్నాడుగా?"

"ఏడ్చినా మీ నాన్న ఎక్కించేవారు, మగపిల్లాడు జడిస్తే ఎలా అని. పదేళ్లు రాగానే నిన్ను నేనే దింపేశాను. కాలో చెయ్యో విరిగితే ఆడపిల్లవి, ఎలాగ?" తల్లి కాయలు పక్కన పెట్టి కూతురి వైపు చూసింది. "ఏమే, పనిలో ఏమైనా అయిందా?"

"ఏం కాలేదు."

అమ్మ జవాబుతో మనసు కుదుటపడుతుందనుకుంది. పడలేదు. పుట్టుకతో వచ్చిందో, అమ్మ అంటించిందో, ఎలాగైతేనేం, పొద్దున్నే తనతో పాటు నిచ్చెనెక్కేది ఆ భయమే కదా.

అయిదో నెలలో ఒక మధ్యాహ్నం, నాలుగు టన్నుల రోలరు ఒకటి లారీలోకి ఎత్తాలి. కింద నిలబడి చేతులతో సైగలు చేసే మనిషి ఇనుప తాళ్లు కట్టి ఎత్తమన్నాడు. అడుగున్నర లేచేసరికి రోలరు ఒకవైపు వాలినట్టు అనిపించింది. అరచేతులు గుడ్డకు తుడుచుకుంది. దింపేద్దామా? లారీ డ్రైవరు, సూపర్‌వైజర్, మరో ఆరుగురు చూస్తున్నారు. ఇది వాలిన రోలరా, పుట్టుకతో వచ్చిన తన భయమా? తేల్చుకోలేకపోయింది. లీవరు ముందుకు నెట్టింది.

రెండు గజాలు పోయాక తాడు జారింది. రోలరు నేలను గుద్దిన దెబ్బకు కేబిన్ అద్దాలు గలగలలాడాయి. కింద ఒక పసుపు టోపీ దొర్లుకుంటూ పోయింది. దాని మనిషి ఎక్కడున్నాడో చాలాసేపు కనబడలేదు.

సైగలు చేసే మనిషిదే ఆ టోపీ. బతికాడు. పక్కకు దూకినప్పుడు మణికట్టు విరిగింది, అంతే.

విచారణలో మేనేజరు ఎదుట సూపర్‌వైజర్ బాధగానే అన్నాడు, "నేను ఆవిడకి ముందే చెప్పాను సార్. భయపడి చెయ్యి వణికుంటుంది."

"చెయ్యి వణకలేదు," అంది క్రేనమ్మ. "లోడు వాలడం చూశాను. భయమేసింది. ఆపితే ఆడదాని భయమంటారని ఆపలేదు. తప్పు నాదే."

నెల రోజులు పనికి రావద్దన్నారు.

గేటు దాకా పాత ఆపరేటర్ వెంట వచ్చాడు. ఇరవై ఆరేళ్లుగా అదే క్రేన్ ఇంకో షిఫ్టులో నడుపుతున్నవాడు. షెడ్డులో అందరికీ పెద్దాయన.

"మొదటి ఏడాదంతా రోజూ పొద్దున్నే షెడ్డు వెనక్కెళ్లి వాంతి చేసుకుని గానీ నిచ్చెన ఎక్కలేదమ్మా నేను," అన్నాడు.

ఆమె నిలబడిపోయింది. "ఈ ముక్క నాకు ముందు చెప్పుంటే..."

"మగాణ్ణి కదా. ఎవరితో చెప్పుకోను? మా ఆవిడకి కూడా తెలీదు." గేటు తలుపు తనే తీసి పట్టుకున్నాడు. "చెప్పుండాల్సింది."

ఆసుపత్రిలో పిండికట్టుతో కూర్చున్న మనిషి దగ్గరికి వెళ్లడానికి ఆమెకు మూడు రోజులు పట్టింది. అతను తిడతాడనుకుంది. "తాడు కట్టింది నేనే అక్కా," అన్నాడతను. ఆమె తెచ్చిన బత్తాయి ఒలిచి అతని రెండో చేతిలో పెట్టింది.

నెల తిరిగాక మళ్లీ ఎక్కింది. ఇప్పుడు రవ్వంత అనుమానం వచ్చినా గంట కొట్టి లోడు దింపేసేది. రోజుకు నాలుగుసార్లు, ఒక్కోసారి ఏడుసార్లు. లారీ డ్రైవర్లు విసుక్కునేవారు. క్రేనమ్మ కాస్తా బ్రేకులమ్మ అయింది. ఏడుసార్లలో ఆరుసార్లు లోడుకు ఏమీ అయ్యుండేది కాదు. ఆ ఏడోదాని కోసం ఆమె మాటలు పడింది.

మూడేళ్లు ఒక్క ప్రమాదం లేకుండా గడిచాయి. సూపర్‌వైజర్ కొత్తగా వచ్చిన ఇంజనీరుకు ఆమెను చూపిస్తూ, "ఆడవాళ్లకి జాగ్రత్త పుట్టుకతోనే వస్తుంది సార్," అన్నాడు. ఆమె కోపమూ నవ్వూ మింగేసి నిచ్చెన వైపు నడిచింది. పెద్దాయన ఆ ముక్క విని, తాగుతున్న టీ పొలమారి దగ్గాడు.

పెద్దాయన పని మానేశాక కొత్తవాళ్లకు నేర్పే బాధ్యత ఆమెదైంది. ఈమధ్య ఇరవై మూడేళ్ల అమ్మాయి ఒకతి వచ్చింది. చేయి చక్కటి చేయి, చూపు డేగచూపు.

"పైకెక్కితే నీకేమనిపిస్తుంది?"

"ఏమీ అనిపించదక్కా. గాలి బాగుంటుంది."

"అసలు భయమెయ్యదా?"

"ఎందుకు?" నిజంగానే అర్థంకాక అడిగింది ఆ పిల్ల.

క్రేనమ్మ ఆ పిల్ల టోపీ పట్టీ బిగించింది. ఇన్నేళ్లూ తన భయం ఎక్కణ్నుంచి వచ్చిందని తవ్వుకుంది గానీ, అది లేని మనిషికి ఎలా నేర్పాలో ఎన్నడూ ఆలోచించలేదు. భయపడమని నేర్పితే అమ్మ చేసిందే తనూ చేసినట్టు. నేర్పకపోతే, కింద టోపీలున్నాయి.

ఇవాళ ఆ పిల్ల మొదటి బరువు ఒంటరిగా ఎత్తుతోంది. క్రేనమ్మ షెడ్డు మధ్యలో కుర్చీ వేసుకుని, కూర్చోలేక, తల వెనక్కి వంచి చూస్తోంది. రెండు చేతులూ ఆ పాత గుడ్డకు తుడుచుకుంటోంది. పైనుంచి ఆ పిల్ల చెయ్యి ఊపింది.

"లీవరు మీంచి చెయ్యి తియ్యకే," అని అరిచింది క్రేనమ్మ. క్రేన్ మోతలో అది పైదాకా వినబడి ఉండదు.