అక్క చెప్పని ఊరు

అక్క బడిలో పాఠాలు చెప్పేది, చెల్లెలు ఇంట్లో కుట్టుమిషను తొక్కేది. పెళ్లి మాట ఎత్తినవాళ్లందరినీ నవ్వుతూనే సాగనంపి, ఇద్దరూ ఒక మేడ మీద రెండు గదుల్లో కలిసి బతికారు. అక్క గొంతెత్తితే వీధి చివరికి వినబడేది. అందుకే పిల్లలు ఆమెకు కంచు టీచరని పేరు పెట్టారు. ఆ కంచు వెనక ఎంత పిరికి ప్రాణం ఉందో చెల్లెలికి ఒక్కదానికే తెలుసు. గోడ మీద బల్లి కనబడితే చాలు, అక్క మంచమెక్కి కూర్చునేది.

అలాంటి మనిషి ఒక రోజు కోరి కొరివితో తల గోక్కుంది.

ఐదో తరగతిలో ఒక పిల్ల బెంచీ మీద కూర్చోనని మొండికేసింది. అక్క రెండుసార్లు గదమాయించి, మూడోసారి ఎందుకో ఆగి, ఆ పిల్లను పక్క గదిలోకి తీసుకువెళ్లి చూసింది. నడుము కింద కాల్చిన మచ్చలు, కొన్ని పాతవి, కొన్ని పచ్చివి. తల్లి లేని పిల్ల. తండ్రి మార్కెట్టు మూల మీద తాళాలు బాగుచేసేవాడు.

"ఇంటి గొడవలు మనకెందుకమ్మా" అన్నాడు హెడ్‌మాస్టరు. అక్క సరేనని తలూపి, సాయంత్రం ఆ పిల్ల చెయ్యి పట్టుకుని తిన్నగా పోలీసు స్టేషనుకు వెళ్లింది. అక్కడ వణుకుతున్న ఆమె చేతులు చూసి, దెబ్బలు తిన్నది ఈవిడేననుకుని కానిస్టేబులు ముందు ఆమెకే మంచినీళ్లిచ్చాడట.

తండ్రికి జైలు పడింది. పిల్లను, తండ్రితో ఏనాడో తెగతెంపులు చేసుకుని అతనికి తెలియని ఊరికి మారిపోయిన పెద్దమ్మ దగ్గరికి అక్కే బస్సులో తీసుకువెళ్లి దింపి వచ్చింది. ఏ ఊరో ఇంట్లో కూడా చెప్పలేదు.

"నాక్కూడా చెప్పవా? నేనేమన్నా పరాయిదాన్నా?" అంది చెల్లెలు.

"నీకు తెలియకపోవడమే మంచిది."

చెల్లెలు మూతి ముడుచుకుంది.

ఆ తండ్రి శిక్ష ముగించుకుని వచ్చి, తన పనిముట్ల పెట్టెను మార్కెట్టు మూల నుంచి వీళ్ల మెట్లకు ఎదురుగా ఉన్న గట్టు మీదికి మార్చాడు. తిట్టలేదు, బెదిరించలేదు. ఒళ్లో తాళంచెవుల గుత్తి పెట్టుకుని ఒక్కొక్కటే ఆకురాయితో అరగదీస్తూ పైకి చూసేవాడు, అంతే. ఆ గరగర మిషను చప్పుడులో కూడా చెల్లెలి చెవిన పడేది. అక్క వెళ్లి కొత్త తాళం కొనుక్కొచ్చింది. "దీన్ని ఎవడూ తియ్యలేడమ్మా, మీ ఇంటి ఎదురుగా కూర్చుంటాడే, అతను తప్ప" అన్నాడట కొట్టువాడు, మెచ్చుకోలుగా.

ఒక ఆదివారం ఇద్దరూ బజారుకు వెళ్లి వచ్చేసరికి ఆ తాళం తెరిచి, గొళ్లేనికి బుద్ధిగా తగిలించి ఉంది. లోపల పెట్టెలన్నీ వెతికి, బట్టలు మళ్లీ మడతపెట్టి ఉన్నాయి. ఆ మడతలు చూశాకే చెల్లెలికి ఒళ్లు జలదరించింది.

"ఏం పోయిందమ్మా?" అన్నారు స్టేషనులో.

"ఏమీ పోలేదండీ."

"మరి ఏమని రాసుకోమంటారు?"

అక్క మాత్రం బడి మానలేదు. పొద్దున గడప దగ్గర చెల్లెలి చెయ్యి పట్టుకుని కాసేపు నిలబడేది. అరచెయ్యి చల్లగా, చెమటతో ఉండేది. "సెలవు పెట్టవే" అంటే, "ఇవాళ ఆగిపోతే రేపు అసలు దిగలేను" అనేది. దిగి, అతని ముందు నుంచే నడిచి వెళ్లేది.

ఒక మధ్యాహ్నం చెల్లెలు తలుపు వారగా వేసి వెళ్లి, కింది వాటా ఆవిడకు రవికలు ఇచ్చి పైకి వచ్చింది. అతను మిషను ముందు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో ఆమె కత్తెర.

"కూర్చో అమ్మా. మీ అక్క వచ్చేదాకా ఉంటాను" అన్నాడు నెమ్మదిగా. "నా కూతురు ఏ ఊళ్లో ఉంది?"

"నాకు తెలీదు. ఒట్టు. నాకు చెప్పలేదు."

అతను ఆమె ముఖంలోకి చూసి నమ్మాడు. అక్క తనకెందుకు చెప్పలేదో చెల్లెలికి అప్పుడు బోధపడింది. తెలిసి ఉంటే ఈపాటికి చెప్పేసి ఉండేది.

మెట్ల మీద అక్క అడుగులు వినబడ్డాయి. చెల్లెలు కేకేసేలోపే అక్క లోపలికి వచ్చింది, చూసింది. గుమ్మంలోనే చతికిలబడింది.

"ఊరి పేరు చెప్పు టీచరమ్మా. వెళ్లిపోతాను."

"నువ్వంటే నాకు భయం" అంది అక్క. కంచు గొంతు కాదది, పిల్లిపిల్ల గొంతు. "చూడు, చేతులెలా వణుకుతున్నాయో. కానీ చెప్పను."

"దీని గొంతు కోస్తే?"

అక్క చెల్లెలి వైపు చూసింది. కళ్ల వెంట నీళ్లు కారిపోతున్నాయి. తల తిప్పేసుకుని, "అయినా చెప్పను" అంది.

అంతలో "ఏమ్మా, ఈ రవికకు హుక్కులు కుట్టడం మరిచావా ఏంటి?" అంటూ కింది వాటా ఆవిడ మెట్లెక్కి వచ్చింది. ముగ్గురినీ చూసి, "తాళం బాగుచేయిస్తున్నారా?" అంది. అతను కత్తెరను మిషను మీద పెట్టి, ఆవిడ పక్క నుంచి దిగి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఎవరికీ కనబడలేదు. పోలీసులకూ దొరకలేదు. ఎదురుగా ఉన్నన్నాళ్లూ ఎక్కడున్నాడో కనీసం తెలిసేది. ఇప్పుడు ఏ మలుపులోనైనా ఉండొచ్చు.

"నా గొంతు కోస్తానన్నా చెప్పనన్నావు" అంది చెల్లెలు, చాలా రోజుల తర్వాత.

"అన్నాను."

"నిజంగానే?"

"ఏమోనే. కింది ఆవిడ ఇంకొక్క క్షణం ఆలస్యంగా వచ్చుంటే చెప్పేసేదాన్నేమో. నన్ను చూస్తేనే నాకు భయంగా ఉంది."

ఏళ్లు గడిచాయి. అక్క రిటైరైంది. తర్వాత మెల్లగా మతి జారడం మొదలైంది. ముందు చుట్టాల పేర్లు పోయాయి, తర్వాత అన్నం తిన్న సంగతి. ఆ ఊరి పేరు మాత్రం పోలేదు, నాలుక చివరే ఉండేది. నోరు జారుతుందని కొంగు నోట్లో కుక్కుకుని కూర్చునేది. చూడటానికి వచ్చిన పాత విద్యార్థులను చెల్లెలు గుమ్మంలోంచే పంపించేసేది. కంచు టీచరుకు పొగరెక్కిందని వాళ్లు అనుకున్నారు. అనుకోనిచ్చింది.

"ఆ పిల్లకు ఇప్పుడు నలభై దాటుంటాయి అక్కా. వాడు ఉన్నాడో పోయాడో" అనేది చెల్లెలు.

"దానికి పదేళ్లే" అనేది అక్క, పాఠం సరిదిద్దినట్టు.

ఒక మధ్యాహ్నం అన్నం తినిపిస్తుంటే అక్క ఉన్నట్టుండి తలెత్తి, పాత కంచు గొంతుతో, వీధి చివరికి వినబడేలా ఆ ఊరి పేరు పలికింది. చెల్లెలు పళ్లెం వదిలేసి పరుగున వెళ్లి కిటికీలు మూసింది. మూసే ముందు, తనకు తెలియకుండానే, ఎదుటి గట్టు వైపు చూసింది. ఎవరూ లేరు.

"ఎవరైనా విన్నారా?" అంది అక్క, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని.

"ఎవరూ వినలేదు. నేను కూడా వినలేదు."

అక్క ఆ మాట నమ్మి, మిగిలిన అన్నం తింది. ఆ వానాకాలం దాటకుండానే పోయింది. చెల్లెలు ఇప్పటికీ తలుపు వారగా వేసి ఎక్కడికీ వెళ్లదు. ఆ ఊరి బస్సు కనబడితే బోర్డు వైపు చూడకుండా తల దించుకుంటుంది.