ఇరవై నాలుగు చింతగింజలు

ముందే ఒప్పుకుంటున్నాను, ఉన్నమాటకు కాస్త మసాలా దట్టించే అలవాటు నాకుంది. కనుక ఈ ఉదయం మా వాషింగ్ మెషిన్‌లో లేచిన టకటక చప్పుడుకు శామీర్‌పేట చెరువు మీది కొంగలన్నీ కరీంనగర్ దాకా ఎగిరిపోయాయంటే సగమే నమ్మండి. చప్పుడు మాత్రం నిజం. చొక్కా జేబులో మరిచిపోయిన చింతగింజ అది. సుగుణ మేడమ్ డబ్బాలోంచి నేను దొంగిలించిన గింజ.

మేడమ్ మేడ్చల్‌లోని ఒక దూరవిద్య కేంద్రంలో ఆఫీసు చూసేవారు. ఆదివారం చర్చిలో ప్రార్థన కాగానే తెల్లచీరలో నేరుగా వచ్చి కుర్చీలో కూర్చునేవారు. నలభై రెండేళ్లకు నేను అక్కడ డిగ్రీలో చేరాను. కుర్రతనంలో ఒకసారి మొదలుపెట్టి వదిలేసినవాణ్ణి. ఈసారీ వదిలేస్తే మళ్లీ ఆ గడప తొక్కే మొహం ఉండదు. సెమిస్టరుకు ఎన్ని సబ్జెక్టులు తీసుకోవాలో ఎవరికి వాళ్లే రాసుకోవాలి. నేను ఆరు రాశాను. ఆ ఫారం బరువుకు టేబుల్ కాలు వంగింది.

మేడమ్ ఫారం చూడనైనా చూడకుండా బిస్కెట్ల డబ్బా బోర్లించి ఇరవై నాలుగు చింతగింజలు పరిచారు. ఎవరొచ్చినా అదే పద్ధతి, గింజకో గంట. దాణా గోదాములో డ్యూటీకి పది, మా ఊరు అలియాబాద్ నుంచి వచ్చిపోయే బస్సులకు మూడు, తిండికీ ఇంటిపనికీ నాలుగు పక్కకు జరిపాను. నిద్రకు నాలుగు పెట్టి, మిగిలిన మూడూ చదువుకు అన్నాను.

“నాలుగు గంటలు పండుకునేటోడు మిగిలిన నిద్ర పరీక్షల తీస్తడు,” అంటూ చదువులోంచి రెండు గింజలు నిద్రలోకి తోశారు. మిగిలిన ఒక్కదానికి రెండు సబ్జెక్టులే వస్తాయన్నారు. మా అమ్మాయి లావణ్య కూడా అప్పుడే డిగ్రీలో చేరిందనీ, తనకన్నా ముందు పట్టా తేకపోతే ఇంట్లో ఇజ్జత్ దక్కదనీ మొరపెట్టుకున్నాను.

“బిడ్డతోని పందెమేంది యాదగిరీ? ఆమె దినం వేరు, నీ దినం వేరు.”

అయినా నేను పట్టు వదలకపోతే, ఆరుకే సంతకం చేసిచ్చారు. ఆ పుస్తకాలతో నేనెక్కితే బస్సు ఒక పక్కకు ఒరిగేది. చివరికి పాసైంది ఒక్కటి. ఇక మానేస్తానని చెప్పడానికే వెళ్లాను. ఆమె మార్కుల మాట ఎత్తలేదు. డబ్బా బోర్లించి, “ఇగ పంచు,” అన్నారు. ఈసారి నిద్రకు ఆరు గింజలు నేనే పెట్టాను. రెండే రాశాను. రెండూ పాస్.

ఆ తర్వాత ప్రతిసారీ రెండే. నా చేతికి పట్టా వచ్చేసరికి లావణ్య ఉద్యోగంలో కుదురుకుంది. ఫోటో తీసింది కూడా తనే. “జర నవ్వు బాపూ, నా పర్మిషన్ టైమ్ అయిపోతాంది.”

ఇప్పటికీ మేనేజరు ఆదివారం డ్యూటీకి పిలిస్తే జేబు తడుముకుని, రానని చెబుతాను.

కొంగలు, టేబుల్, బస్సు సంగతి మీరెలాగూ కనిపెట్టి ఉంటారు. నేను నిజంగా కల్పించింది దొంగతనం. పట్టా చూపించడానికి వెళ్లిన రోజు మేడమే ఆ గింజను ఏరి నా అరచేతిలో పెట్టారు. “గిది నీ గంట. సదువు అయిపోయిందని ఎవలకూ ఇయ్యకు,” అన్నారు. ఎత్తుకొచ్చానంటే మిమ్మల్ని నవ్వించగలను. ఇచ్చారని రాయాలంటే, నేనే కాసేపు కలం పక్కన పెట్టాలి.