గేటు రెక్క తిన్న నల్లనీళ్లు

జగన్మోహనరావుకి ఇనుము కనబడితే చాలు, ఆకలిగొన్నవాడికి విస్తరి కనబడినట్టే. ఎవరింటికి వెళ్లినా కుశలప్రశ్నలుండవు. "మీకు పనికిరాని ఇనుమేమైనా ఉందాండీ?" అంటాడు. పనికొచ్చే ఇనుమైనా సరే, చేతిలోకి తీసుకుని, బరువు చూసి, వదల్లేక వదిలి నిట్టూరుస్తాడు.

రాజధానితోపాటు కర్నూలు నుంచి హైదరాబాదు చేరిన కోస్తావాడు. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాడు. నా అన్నవాళ్లు లేరు. నాంపల్లిలో వామన్‌రావు ఇంట్లో వెనక వాటా ఆయనది. ముందు వాటాలో వామన్‌రావు ఒక్కడే. భార్య కమల పోయాక ఆ ఇంట్లో గట్టిగా మాట్లాడేది గోడగడియారం ఒక్కటే. ఇద్దరు ఒంటరివాళ్ల మధ్యా ఉన్న సంబంధమల్లా పొద్దున్నే ఒక పోట్లాట.

"ఏంది రావుసాబ్, మళ్ల కిటికీ చువ్వలు గుంజుతున్నరా?"

"అబ్బే, ఒకటి వదులుగా ఉందండీ. ఊడిపడితే పిల్లలకి దెబ్బ తగుల్తుందేమోనని..."

"గీ ఇంట్ల పిల్లలేడున్నరు?"

"పోనీ, తలదూర్చే పిల్లలే లేనప్పుడు చువ్వ మాత్రం ఎందుకండీ?"

అబిడ్స్‌లో ఎవరో పెళ్లికి పిలిస్తే, పెళ్లికూతుర్ని చూడకుండా మడతకుర్చీల్ని చూసొచ్చాడు. మొజంజాహీ మార్కెట్లో బత్తాయిలకని వెళ్లి ఇనప తూకపురాళ్లు బేరమాడాడు. "రాళ్లు నీకిస్తే నేను చేత్తోని జోకాల్నా?" అని పళ్లవాడు తరిమాడు. పేటలో ఆడవాళ్లు ఆయన్ని చూడగానే పెనం, పట్టకారు లోపల పెట్టుకునేవాళ్లు. పెట్టుకుని, తలుపు కూడా వేసుకునేవాళ్లు. రానురాను ఆయన్ని ఓ ముద్ద తినిపొమ్మనే గుమ్మమే లేకపోయింది.

ఒకరోజు వామన్‌రావు మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి రేకు గేటుకి ఒక రెక్క లేదు.

"రావుసాబ్! గేటేది?"

"సగం ఉంచానండీ."

"సగం గేటేంది! దొంగలొస్తే?"

"రెండు రెక్కలూ తెరవాల్సినంతగా మనింటికి ఎవరొస్తున్నారండీ? నాకైతే ఒక రెక్క సందు చాలు."

వామన్‌రావుకి ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది. గుచ్చుకున్నందుకే కోపం రెట్టింపయింది. "రేపు ఇల్లు ఖాళీ చెయ్యుండ్రి! మీ కిరాయొద్దు, మీరొద్దు!" అనేశాడు.

"అలాగేనండీ" అని జగన్మోహనరావు సంచీ తీసుకుని బయటికి నడిచాడు. వామన్‌రావుకి అదీ నచ్చలేదు. పోట్లాడకుండా పోతాడా? ఎల్లుండి పొద్దున లేచి తను ఎవర్ని తిట్టాలి? గేటు కోసమని తనకి తానే చెప్పుకుని, వెనకే బయల్దేరాడు.

రైలుపట్టాల అవతల ఊరి చెత్త పోసే గుంత. చెత్త పట్నానిది, కంపు పక్కనున్న వాడది. రోడ్లు ఊడ్చేవాళ్ల గుడిసెల పక్కనే, వాళ్లూడ్చిన చెత్తంతా పోయించడం ఏ మహానుభావుడి ఆలోచనో గాని, ఆయన ఒక్క పూటైనా అక్కడ నిలబడి గాలి పీల్చిన పాపాన పోలేదు. గుంత అడుగునుంచి నల్లటి నీరు ఊరి, కాలవ కట్టి, వాడకున్న ఒకే ఒక బావివైపు జారుతోంది.

ఆ కాలవకి అడ్డంగా రెండు పీపాలు. మొదటిదాంట్లో గేటు ముక్కలు వేలాడుతున్నాయి. వాటికి తీగలు, తీగలకి లారీ బ్యాటరీ. నల్లనీళ్లు బుసబుసా నురగెత్తుతుంటే, వాడలో పెద్దదిక్కయిన జంగమ్మ ఆ నురగని గరిటెతో తోడి పారేస్తోంది.

"గిది నా గేటే!" అన్నాడు వామన్‌రావు.

"ఔ సారు, మీదేనంట. మస్తు మంచి గేటు" అంది జంగమ్మ.

జగన్మోహనరావు బెదురుతూ ముందుకొచ్చాడు. "కరెంటు పారిస్తే ఇనుము కొంచెం కొంచెం నీళ్లలో కరుగుతుందండీ. మురికిని పట్టుకుని గడ్డకట్టిస్తుంది. అందుకే రేకులు అరిగిపోతున్నాయి." రెండో పీపాలో తేరిన నీళ్లు సీసాలో పట్టి చూపించాడు. లేత టీ రంగు. "తాగడానికి పనికిరావు. బావిలోకి పోయే విషం తగ్గించడానికే. గుంతని ఇక్కణ్ణించి ఎత్తేస్తే తప్ప రోగం కుదరదండీ. అడిగితే, మునిసిపాలిటీవాళ్లు బావి పూడుస్తామంటున్నారు."

"మరి నీళ్లకు నల్లా?" అన్నాడు వామన్‌రావు.

"ముందు బావి పూడుస్తరంట, నల్లా సంగతి ఎనక చూస్తరంట" అంది జంగమ్మ. "గీ సారు ఇనప మంచం గూడ గీ పీపాలనే కరిగింది. కింద పంటుండు. ఒక్క ఇంట్లనే ఉంటరు, మీకెర్క లేదా?"

ఎరుక లేదు. వెనక వాటా గుమ్మం ఆయన ఏనాడూ తొక్కలేదు.

వామన్‌రావు పీపా దగ్గరికి నడిచాడు. ధోవతి ఎగ్గట్టి జంగమ్మ చేతిలో గరిటె లాక్కున్నాడు.

"గట్ల కాదు సారు! పప్పు కలిపినట్టు కలుపుతరేంది? మీదమీద తియ్యాలె."

"నాకు నేర్పుతున్నవా? నా గేటు, నా నురగ!"

కాసేపటికి జగన్మోహనరావు గొంతు సవరించుకున్నాడు. "ఇల్లు రేపు పొద్దున్నే ఖాళీ చెయ్యాలా, మధ్యాహ్నం దాకా ఆగచ్చాండీ?"

వామన్‌రావు తలెత్తలేదు. "ముందు గీ గుంత ఖాళీ గానియ్యిండ్రి. ఎనక చూద్దాం మీ సంగతి."

అంతలో చెత్తలారీ ఒకటి వెనక్కి వెనక్కి వచ్చి, లోడంతా దభాల్న గుంతలో గుమ్మరించి పోయింది. జంగమ్మ కొత్త గుట్టని చూసింది, ఇద్దరు ముసలాళ్లనీ చూసింది.

"గీ లెక్కన గా సారు మీ ఇంట్ల నూరేండ్లుంటడు పో!" అని పకపకా నవ్వింది.