ఏరు దాటని దరఖాస్తు

హుజూర్‌నగర్ నుంచి కృష్ణ దిక్కు పోయే బాటలో, సగం దారి దాటాక, టపా మోసే నర్సింహకు ఇరుసు విరిగిన గూడు కచ్చడం బండి ఒకటి అడ్డం తగిలింది. బండివాడు కొత్త ఇరుసు కోసం పోయాడట. తుమ్మచెట్టు కింద గొడుగు వేసుకుని ఒక పెద్దమనిషి కూర్చున్నాడు. ఏటి అవతలి ఊళ్ళో బడిపంతులు, పేరు రఘుపతి. చెంబులో నీళ్ళున్నాయి, రమ్మన్నాడు. నర్సింహ గజ్జెల బల్లెం చెట్టుకు ఆనించి, టపా సంచి మాత్రం భుజాన ఉంచుకునే నీళ్ళు తాగాడు.

ఇరవై ఏళ్ళుగా అతనిది ఇదే బాట. అక్షరం రాదు. ఉత్తరం చేతిలో పట్టి చూసి అది పెళ్ళి కబురో చావు కబురో చెప్పగలనని ప్రగల్భాలు పలికేవాడు, చాలాసార్లు తప్పేవాడు. ఉత్తరాలు మోసేవాళ్ళంత నమ్మకస్తులు లోకంలో లేరనీ, ఉత్తరాల సంగతి వాళ్ళంత తెలియనివాళ్ళూ లేరనీ దేశాలు తిరిగినవాళ్ళు అంటారు. ఒంటెల మీద టపా పోయే ఎడారుల్లో కూడా ఇదే మాటట.

అంతలో గట్టు దిగి ఇస్రాయేలు వచ్చాడు.

"నా కాయితం ఒచ్చిందా తాతా?"

"రోజూ నా మొకం జూడకుంటె నీకు బువ్వ దిగదారా? రాలే. వస్తె నేనేమన్న దాసుకుంటనా?"

"ఎల్లుండే కాలేజీల చేరనీకి ఆఖరు తారీఖు."

ఆ మాటతో నర్సింహ నవ్వు ఆగిపోయింది.

ఇస్రాయేలుకు పందొమ్మిదేళ్ళు. తండ్రి బక్కయ్య పటేలు ఇంట జీతగాడు. తల్లి జానమ్మ మిషన్ బంగళాలో గిన్నెలు తోముతూ, కొడుకును అక్కడి బడిలో చేర్చింది. ఆ వాడలో పలక పట్టిన మొదటివాడు వాడే, ఇంగ్లీషులో మెట్రిక్ దాటిన మొదటివాడూ వాడే. ఆపైన ఏ దారి? హైదరాబాదులో పెద్ద చదువంతా ఉర్దూలో. ఇస్రాయేలు ఉర్దూ అంగట్లో బేరానికీ, పోలీసు అమీను ముందు దండానికీ సరిపోతుంది గాని శాస్త్రాలకు చాలదు. ఏరు దాటితే ఇంగ్లీషువాళ్ళ ఇలాకా. అక్కడొక కాలేజీలో మిషన్ పిల్లలకని ఫీజు లేని జాగా ఏటా ఒకటి ఉంచుతారు. బడి దొరసానమ్మ సిఫారసు చిట్టీ రాసిచ్చి, జబ్బుతో ఓడెక్కి తన దేశం పోయింది. బయట యుద్ధం. మళ్ళీ వస్తుందో రాదో తెలియదు.

పటేలు గడువు పెట్టాడు. ఆరుద్ర కార్తె దాటేలోగా కాలేజీ కాయితం రాకుంటే వాడు కూడా తన నాగలి పట్టాల్సిందే. ఆ ఇంట జీతానికి కుదిరినవాడు బయటపడే దారి బక్కయ్యకు తెలిసి ఒక్కటే, పాడె.

రఘుపతి పంతులు ఊరికే కూర్చోలేక అడిగాడు. "ఏ కాలేజీ అబ్బాయీ? దరఖాస్తు ఎప్పుడు పంపావు?"

ఇస్రాయేలు పేరు చెప్పాడు. "నెల దాటింది పంతులూ."

"నెలా? మూణ్ణాలుగు రోజుల్లో చేరుతుందే! తపాలా బిళ్ళ సరిగ్గా అంటించావా?"

"నేనే అంటించిన," అన్నాడు నర్సింహ, ఛాతీ విరుచుకుని. "ఆరు మైళ్ళు ఎందుకు నడుస్తవ్ పిలగా, నేనే డబ్బల ఏస్త అని తీసుకున్న. దూరం పోయే లిఫాఫా అని రెండు టికిట్లు ఎక్కువే అంటించిన. సర్కారుకు ఎగవెట్టలే."

"ఏ సర్కారుకి?"

"ఏ సర్కారేంది పంతులూ? మన నిజాం సర్కారు!"

పంతులు ఫక్కున నవ్వాడు. ఇస్రాయేలు ముఖం చూసి మధ్యలోనే ఆపేశాడు.

"మీ బిళ్ళ ఏరు దాటితే ఉత్త రంగు కాయితమయ్యా. అవతలికి పోయే ఉత్తరానికి ఇంగ్లీషు బిళ్ళ ఉండాలి. లేకపోతే బేరంగు ఉత్తరం కింద లెక్క. అందుకునేవాడు డబ్బు కట్టి విడిపించుకోవాలి. కాలేజీవాళ్ళు విడిపించుకోరు, తిప్పి పంపేస్తారు."

కృష్ణలో చేప ఈ ఒడ్డున పుట్టి ఆ ఒడ్డున మేస్తుంది. దానికి సుంకమూ లేదు, సరిహద్దు నాకా లేదు. మనిషికే అన్నీ. ఆ రోజుల్లో ఏరు దాటగానే నాణెం మారేది, టపా మారేది, బడిలో భాష మారేది. ఈ సంగతి షావుకార్లకు తెలుసు, వకీళ్ళకు తెలుసు. ఊరు దాటి ఉత్తరం పంపడమే ఎరగని వాడకు ఎవరు చెబుతారు?

"తిప్పి పంపితె నాకు రావాలె గద?" అన్నాడు ఇస్రాయేలు.

"వస్తుంది, ఆఫీసులన్నీ తిరిగి. నెలలు పట్టొచ్చు. లోపల ఏం పెట్టావు?"

"సర్టిఫికెట్టు. దొరసానమ్మ చిట్టీ."

"నకళ్ళేనా?"

"అసలువే పంపమని రాసిండ్రు."

పంతులు గొడుగు మూశాడు, మళ్ళీ తెరిచాడు.

"నేనే పోయి వాళ్ళ ముంగట నిలవడితె?"

"చేతిలో కాయితం లేకుండా గేటు దగ్గరే ఆపుతారు నాయనా. నువ్వు మెట్రిక్ పాసయ్యావని ఎవరు చెప్పాలి?"

"నేనే జెప్త."



నర్సింహ తన బొటనవేలు చూసుకున్నాడు. ఆ లిఫాఫా ఇచ్చిన పొద్దు ఈ పిల్లవాడు చేతులు ధోవతికి రెండుసార్లు తుడుచుకుని మరీ ఇచ్చాడు. తాను ఆ టికిట్లను నాలుకతో తడిపి, బొటనవేలితో నొక్కి, ఎంత సంబరపడ్డాడు! ఇంకెవరైనా చేసి ఉంటే తిట్టడానికైనా ఒక మనిషి దొరికేవాడు.

"బిడ్డా, ఒక్క మాటన్న తిట్టు," అన్నాడు. "టపా మున్షీ కాళ్ళు వట్టుకుంట. ఏడున్నదో తంతి గొట్టి అడిగిపిస్త. నా జీతం మొత్తం పోనీ."

ఇస్రాయేలు అతని భుజాన ఉన్న సంచిని చూశాడు. కోపంగా కాదు. బావిలో పడ్డ బొక్కెనను గట్టు మీద నిలబడి చూసినట్టు చూశాడు. తరవాత లేచి అంగీ దులుపుకున్నాడు. వచ్చిన గట్టు ఎక్కలేదు. గుట్టల నడుమ నుంచి ఏరు దాటే రేవుకు పోయే అడ్డదారి పట్టాడు.

"ఉత్త చేతులతోని ఏడికి పోతవ్ రా? నాకా కాడ ఏం జెప్తవ్? ఇంత బువ్వన్న తిని పో!"

వాడు ఆగలేదు. నర్సింహ నాలుగడుగులు వెంట పరుగెత్తాడు. భుజాన టపా సంచి బరువు గుర్తొచ్చి నిలబడిపోయాడు. దాని బాట వేరు.

"ఓ ఇస్రాయేలూ! మీ అమ్మకు నేనేం జెప్పాల్నే?"

రాళ్ళ మీద అడుగుల చప్పుడు కాసేపు వినిపించింది. పోయొస్తనని కూడా అనకుండానే వాడు పోతున్నాడు.